టీ క్యానులో పైకెళ్ళిన ప్రశ్నలు

సంగప్ప గురించి ఎవరైనా రాస్తారేమోనని చాలా ఏళ్ళు చూశాను. ఎవరు రాస్తారు, నా మొహం! ఆయన సంగతి పూర్తిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ నోరు మూసుకు కూర్చున్నవాణ్ణీ నేనే. అంచేత రాయవలసిన ఖర్మ కూడా నాదే అయింది. ముందే చెబుతున్నాను, ఇది చదివి నా మీద మంచి అభిప్రాయం పెట్టుకోవలసిన పనేమీ లేదు.

నాది పిఠాపురం దగ్గర పల్లె. పేరు సూర్యారావు. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై రెండేళ్ళు ఊళ్ళో గాలికి తిరిగి, 1965లో మేనమామ చెప్పగా పటాన్‌చెరు రోడ్డు మీద ఒక ఇనుప కార్ఖానాలో ఖలాసీగా చేరాను. కార్ఖానా పేరు ఎందుకులెండి, ఇప్పుడది లేదు. పెద్ద పెద్ద ట్యాంకులు చేసేవాళ్ళం. ఖలాసీ పనంటే మరేం లేదు. ఇనుప ప్లేటుకు రెండు వైపులా క్లాంపులు బిగించి, గొలుసులు తగిలించి, పైనున్న క్రేనుకు చేత్తో సైగ చేయడం. అది ఎత్తుకుపోయిన చోట దగ్గరుండి దింపించుకోవడం. ఆ క్రేను నడిపేవాడు సంగప్ప.

షెడ్డు కప్పు కింద, నేలకు నలభై అడుగుల ఎత్తున, రేకుల పెట్టెలాంటి క్యాబిన్. పొద్దున నిచ్చెన ఎక్కితే సాయంత్రం దాకా దిగడు. ఎక్కి దిగడానికి టైము వృథా అని ఫోర్మన్ గొణిగేవాడు. అందుకని టీ కూడా పైకే వెళ్ళేది. ఆయన పైనుంచి తాడు వదిలితే కింద మేమెవరమో దానికి టీ క్యాను కట్టేవాళ్ళం, ఆయన లాక్కునేవాడు. రోజు మొత్తానికి ఆయనకు మనిషితో పడే సంబంధం అంతే. మాట్లాడదామన్నా సుత్తుల మోతలో వినపడి చస్తేగా! మా చేతులు పైకి లేస్తే ఎత్తుతాడు, కిందికి దిగితే దింపుతాడు. చేరిన నాలుగు నెలల దాకా ఆయన గొంతెలా ఉంటుందో నాకు తెలియదంటే నమ్మండి.

మొదటిసారి ఆయన్ని నేల మీద చూసింది స్టోర్సులో. వెల్డింగ్ రాడ్లు చుట్టి ఇవ్వడానికి స్టోర్సువాళ్ళు పాత కాగితాలు వాడేవారు. ఇంజనీర్ల ఇళ్ళనుంచి వచ్చిన పాత ఇంగ్లీషు మాసపత్రికలు, ఎక్కువగా సైన్సువి, దొంతరలుగా పడి ఉండేవి. పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకు వాలిపోయిన ముప్పై మూడేళ్ళ మనిషి ఆ దొంతర ముందు గొంతుకూర్చుని, ఒక పత్రికను చివరి అట్ట దగ్గర్నుంచి తిప్పుతున్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ వయసులో నాకు ప్రతిదానికీ నవ్వే. "ఏమండోయ్, పుస్తకం అటు నుంచి కాదు, ఇటు నుంచి," అన్నాను.

ఆయన కోప్పడలేదు. "ఎరికే తమ్మీ. నేను ఉర్దూల చదువుకున్న. చెయ్యి అటే పోతది," అన్నాడు. తర్వాత నా నడినెత్తి వంక చూసి, "నువ్వు సూర్యారావువు గదా? వెనక సుడికాడ వెంట్రుకలు పల్సబడుతున్నయి, నూనె పెట్టు," అన్నాడు. పైనుంచి చూసీ చూసీ ఆయనకు మా అందరి నడినెత్తులూ కంఠతా వచ్చు. మొహాలు మాత్రం గుర్తుపట్టడం కష్టమట. నా బట్టతల సంగతి నా భార్యకన్నా ముందు కనిపెట్టింది సంగప్పే!

ఆయన చేతిలో ఉన్న పేజీలో గబ్బిలం బొమ్మ ఉంది. "దీని గురించి ఏం రాసిన్రో జెర చదివి చెప్తవా?" అని అడిగాడు. నేను కాలరెత్తుకుని అందుకున్నాను. ఎస్.ఎస్.ఎల్.సి. కదా మరి! పైకి గడగడా చదివాను. అర్థం మాత్రం నాలుగు వాక్యాలకు ఒకటి చొప్పున తగిలింది. మిగతాది నోటికొచ్చింది అల్లేశాను. గబ్బిలాలకు పగలు కళ్ళు కనపడవనీ, రాత్రి బాగా కనపడతాయనీ చెప్పాను.

"మరి ఈ బొమ్మల గబ్బిలానికి కండ్లకు పట్టీ కట్టిన్రు, అయినా తీగెలకు తాకకుండ ఎగురుతున్నది. చెవులు మూసిన దగ్గర తాకింది. గదేంది?" అన్నాడు.

చదువొచ్చిన నేను చూడని బొమ్మ, అక్షరాలు కూడబలుక్కునే ఆయన చూశాడు. సిగ్గేసింది. మర్నాడు ఫోర్మన్ దగ్గర డిక్షనరీ అడిగి తెచ్చుకుని, ఆ పేజీలు రెండు రోజులు కుస్తీపట్టి చదివాను. గబ్బిలం తన కూతకు తిరిగొచ్చే చప్పుడు విని దారి తెలుసుకుంటుందని అప్పుడు తెలిసింది. వెళ్ళి చెబితే ఆయన మొహం చూడాలి! "అరె వాహ్!" అని స్టోర్సు గట్టు మీద చెయ్యి చరిచి, తనకూ ఇంగ్లీషు నేర్పమని పట్టుబట్టాడు.

సంగప్పది సంగారెడ్డి అవతల చిన్న పల్లె. సంగారెడ్డిలో ఉర్దూ మీడియంలో ఏడో తరగతి దాకా చదివాడు. సైన్సంటే ప్రాణమట. భూమి లాగడాన్ని ఉర్దూలో 'కశిషె సిక్ల్' అంటారని నాకు చెప్పింది ఆయనే. ఆ తర్వాత రాజ్యం మారింది, బడిలో భాష మారింది, అదే ఏడు తండ్రి పోయాడు. చదువు అక్కడితో సరి. పెళ్ళయిన రెండేళ్ళకు భార్య కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. పటాన్‌చెరులో ఒక గది కిరాయికి తీసుకుని, జొన్నరొట్టె తానే కాల్చుకుని తినేవాడు. ఇదంతా ఆయన ఏడుస్తూ చెప్పలేదు, బస్సు టైములు చెప్పినట్టు చెప్పాడు.

"ఇంగ్లీషు నేర్చుకుని ఏం చేస్తావన్నా? ఫోర్మన్ అవుతావా?" అని ఏడిపించాను ఒకసారి.

"ఫోర్మన్ ఎందుకు తమ్మీ? గా పైన ఎనిమిది గంటలు ఒక్కన్ని కూసుంట. ఇంటికి పోతే ఆడ ఒక్కన్నే. దిమాక్‌ల ఏవేవో సవాళ్ళు తిరుగుతుంటయి. గీ పుస్తకాలల్ల జవాబులున్నయి, ఇంగ్లిష్‌ల ఉన్నయి. చదివినంక మాట్లాడుకునెటందుకు ఒక్కడుండాలె. ఎక్కువ వద్దు, ఒక్కడు సాలు," అన్నాడు.

ఆ ఒక్కడూ నేనయ్యాను. ఎందుకంటారా? గొప్ప మనసేం కాదు. నాకూ ఆ ఊళ్ళో ఎవరూ లేరు. పెళ్ళి కాలేదు. బీరంగూడలో మావైపువాళ్ళు ఉన్నా, వాళ్ళ మాటలన్నీ స్థలాల గురించీ, ఊళ్ళో వరిచేల గురించీ. ఆదివారం వచ్చిందంటే గోడలు చూస్తూ కూర్చునేవాణ్ణి.

మా పద్ధతి ఇదీ. సోమవారం ఒక వ్యాసం స్టోర్సునుంచి తీసుకునేవాళ్ళం. అదీ సగం సగమే. మధ్య పేజీలు అప్పటికే ఏ వెల్డరు చేతికో వెళ్ళి ఉండేవి. ముందు ఆయన పట్టుకెళ్ళి చదివేవాడు, అదీ చివరి పేజీనుంచి మొదటికి. తర్వాత నేను. ఇక రోజూ టీ వేళకు మూడు ప్రశ్నలు ఇంగ్లీషులో చీటీ మీద రాసి, టీ క్యాను మూత కింద దూర్చి తాడుకు కట్టేవాణ్ణి. ఆయన టీ తాగి, జవాబులు రాసి ఖాళీ క్యానులో కిందికి పంపేవాడు. ఆ చీటీలు మర్నాడు తప్పులు దిద్ది తిరిగి పైకి పంపేవాణ్ణి. చేతిరాత రాదంటే నా అక్షరాలు చూసి దిద్దుకోమన్నాను. మనిషి ఎంత పట్టుదలగా దిద్దాడంటే, ఏడాది తిరిగేసరికి ఆయన రాత ఏదో నా రాత ఏదో నాకే తెలిసేది కాదు.

ఆదివారాలు బీరంగూడ గుట్ట మెట్ల మీద కూర్చుని నోటితో మాట్లాడుకునేవాళ్ళం. ఇంగ్లీషే మాట్లాడాలి. తెలుగో ఉర్దూయో నోట్లోంచి ఊడిపడిందా, అవతలివాడు తప్పు చేసేదాకా నిలబడాలి. మొదటి ఆరు నెలలూ పాపం ఆయన నిలబడే ఉన్నాడు. గుడికి వచ్చే ఆడవాళ్ళు, ఈయనకేదో శిక్ష పడిందనుకుని జాలిగా చూసి వెళ్ళేవారు. తర్వాత తర్వాత నిలబడే వంతు నాది. ఎత్తైన చోటికి వెళ్తే కళ్ళెందుకు తిరుగుతాయన్న వ్యాసం ఆయనకు భలే నచ్చింది. చెవి లోపల నీళ్ళలాంటి పదార్థం ఉంటుందనీ, అదే మనిషిని నిలబెడుతుందనీ చదివి, ఆ రోజంతా చెవి పట్టుకుని తిరిగాడు. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపబోతున్నారన్న వ్యాసం దొరికింది కానీ దాని చివరి పేజీ లేదు. చివరి పేజీనుంచి చదివే మనిషికి అదెంత కష్టం! "దిగిన దినం మనం ఇద్దరం పొద్దంత ఇంగ్లిష్‌లనే మాట్లాడాలె తమ్మీ," అని నాచేత మాట తీసుకున్నాడు.

1968లో నాకు అన్నపూర్ణతో పెళ్ళయింది. బీరంగూడలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. ఆ డిసెంబరుకు తనకు ఆరో నెల. కార్ఖానాలో సూపర్‌వైజర్ల జాబితా తయారవుతోందనీ, అందులో నా పేరుందనీ ఫోర్మన్ చెవిలో వేశాడు.

ఆ నెలలోనే జరిగింది.

పాముల్లా పొడుగ్గా ఉండే మలుగు చేపల వ్యాసం చదువుతున్నాం. నదుల్లో పెరిగిన మలుగు చేపలు గుడ్లు పెట్టడానికి ఎక్కడో సముద్రం మధ్యకు వెళ్ళడం, వాటి పిల్లలు దారి చూపేవాళ్ళెవరూ లేకుండా మళ్ళీ నదులకు రావడం. పొద్దున ప్లేటుకు క్లాంపులు బిగిస్తున్నాను. రెండు ప్రశ్నలు రాశాను, మూడోది కుదరడం లేదు. ఒక వైపు క్లాంపు గట్టిగా బిగించాను. రెండో వైపు సగం బిగించి, ఆ ప్రశ్న తట్టేసరికి మోకాలి మీద చీటీ పెట్టుకుని గబగబా రాశాను. రాసి జేబులో పెట్టుకుని లేచి, చెయ్యెత్తాను. క్లాంపు సంగతి బుర్రలోంచి ఎగిరిపోయింది.

ప్లేటు పది అడుగులు లేచి ఒక పక్కకు జారింది. వేలాడుతూ ఊగిపోయి, వెల్డింగ్ మెషీన్ని గుద్ది తుక్కు చేసింది. దేవుడి దయవల్ల అటు ఎవరూ లేరు. పైన సంగప్ప కంగారుపడకుండా గంట కొడుతూ, అందర్నీ పక్కకు తోలి, ఆ వేలాడేదాన్ని మెల్లగా నేలకు దించాడు. ఇంకొకడైతే అదిరిపడి వదిలేసేవాడు, ఇద్దరు ముగ్గురు పోయేవాళ్ళు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. బొంబాయి మనిషి, తెలుగు ముక్క రాదు. ఎవరినీ అడక్కుండా తిన్నగా నిచ్చెనెక్కి క్యాబిన్‌లోకి వెళ్ళాడు. సీటు కింద దారంతో కట్టిన చీటీల కట్టలు దొరికాయి. రెండేళ్ళ పైచిలుకు చీటీలు. ఒక్కటి పారెయ్యలేదు మహానుభావుడు! క్రేను మీద కూర్చుని చదువుకుంటూ లివరు తప్పు లాగాడని మేనేజరు అక్కడికక్కడే తేల్చేసుకున్నాడు.

సాయంత్రం విచారణ. గదిలో మేనేజరు, ఫోర్మన్, నేను, సంగప్ప. ముందు నన్నే అడిగారు, క్లాంపులు సరిగ్గా బిగించావా అని. ఫోర్మన్ నా వంక చూస్తున్నాడు. నాకు కళ్ళ ముందు అన్నపూర్ణ కనబడింది, సూపర్‌వైజర్ జాబితా కనబడింది. "యెస్ సార్," అన్నాను. అంతే. అంత చిన్న మాట!

సంగప్పకు నిజం తెలుసు. క్లాంపు బిగింపు అంత ఎత్తునుంచి తెలియదు గానీ, నేను పని మధ్యలో ఆపి రాయడం చూశాడు. నేను మోకాలి మీద రాస్తోంది ఆయన కోసమేనని కూడా తెలుసు. ఒక్క మాట చెబితే నేను ఆ పూటకే రోడ్డున పడేవాణ్ణి.

మేనేజరు చీటీల కట్ట బల్ల మీద పడేశాడు. ప్రశ్నలు ఒకరివీ జవాబులు ఒకరివీలా ఉన్నాయి, కింద నీకు సాయం ఎవరు, ఈ ప్రశ్నలు రాసిందెవరు అని గద్దించాడు. ఫోర్మన్ తెలుగులోకి మార్చబోయాడు. సంగప్ప చేత్తో వారించి, తానే జవాబు చెప్పాడు. ఒక అధికారి ముందు ఆయన ఇంగ్లీషులో నోరు విప్పడం అదే మొదలు.

"ఐ ఆస్క్, సార్. ఐ ఆన్సర్. నో అదర్ మేన్."

నీలో నువ్వే ప్రశ్నలు వేసుకుని నువ్వే జవాబులు రాసుకుంటావా, పిచ్చా నీకు అన్నాడు మేనేజరు.

"నోబడీ టు టాక్, సార్," అన్నాడు సంగప్ప. తడబడలేదు. రెండేళ్ళకు పైగా గుట్ట మెట్ల మీద నేను చెప్పించిన ఉచ్చారణ, ఒక్క పొల్లు పోకుండా వచ్చింది.

మేనేజరు నమ్మలేదు. కాగితం ఇచ్చి రాయమన్నాడు. ఆయన ఒక ప్రశ్న, కింద జవాబు రాశాడు. చీటీల పక్కన పెట్టి చూస్తే రాత అచ్చంగా అదే. ఇంకేముంది? ప్రశ్నలూ ఆయనవే, తప్పూ ఆయనదే. నేను బల్ల అంచు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడైనా చెప్పరా దరిద్రుడా అని లోపల్నుంచి ఎవడో మొత్తుకుంటూనే ఉన్నాడు. చెప్పలేదు.

క్రేను మీంచి తీసేసి, కార్ఖానా వెనక తుక్కు యార్డులో వేశారు. ఉద్యోగం పూర్తిగా తీసేయనందుకు దండం పెట్టమన్నాడు ఫోర్మన్. పెట్టాడు.

సైకిల్ స్టాండు దగ్గర ఆయన కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. "ఎందుకన్నా అలా చెప్పావు?" అన్నాను.

"నిన్ను తీసేస్తే నువ్వు మీ ఊరికి పోతవు. నాకు ఎవలుంటరు?" అన్నాడు. సైకిలు తాళం తీస్తూ మళ్ళీ అడిగాడు. "ఆదివారం వస్తవు గదా?"

"వస్తానన్నా. అదేం మాట! ప్రతి ఆదివారం వస్తాను," అన్నాను.

ఒక్క ఆదివారం వెళ్ళాను. ఆయన ఏమీ జరగనట్టే మలుగు చేపల పేజీలు పట్టుకొచ్చాడు. మూడో ప్రశ్న ఏం రాసినవ్ అని అడిగాడు. ఆ చీటీ నా జేబులో ఉండిపోయింది కదా. నేను చెప్పలేకపోయాను. ఆయన తిట్టి ఉంటే ఎంత బావుండేది! ఆయన తిట్టడు, కోప్పడడు, ఇంగ్లీషులో చేపల గురించి అడుగుతాడు. గంట కూర్చుని, అన్నపూర్ణకు ఒంట్లో బాగాలేదని చెప్పి లేచి వచ్చేశాను. తనకేం కాలేదు.

మార్చిలో పాప పుట్టింది. అదే నెలలో సూపర్‌వైజర్‌నయ్యాను. సూపర్‌వైజరు తుక్కు యార్డు మనిషితో మెట్ల మీద కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు, ఎవడైనా ఆరా తీస్తే అని ఒక భయం. ఆ ఏడాదంతా ఊళ్ళో ఆంధ్రా, తెలంగాణ గొడవలు. రోడ్లు బాగాలేవు, బయటికెళ్ళొద్దు అనుకోవడానికి అదొక సాకు. ఎవరైనా అడిగితే గొడవల పేరే చెప్పేవాణ్ణి. గొడవలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. సంగప్ప నన్నెప్పుడూ ఆంధ్రావాడని వేరుగా చూడలేదు. నేను వెళ్ళనిది సిగ్గువల్ల, పిరికితనం వల్ల.

జూలైలో చంద్రుడి మీద మనుషులు దిగారు. పొద్దుట్నుంచీ రేడియో అదే చెబుతోంది. సాయంత్రం డ్యూటీ దిగి ఇంట్లో కూర్చుని పేపరు చదువుతున్నాను. కిటికీలోంచి చూద్దును కదా, సంగప్ప సైకిలు దిగుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో చుట్టిన పేపరు ఉంది.

నేను గభాల్న వెనక గదిలోకి వెళ్ళి, "నేను లేనని చెప్పు," అన్నాను.

"ఎందుకండీ? పాపం అంత దూరంనుంచి వచ్చారు. నాచేత అబద్ధాలు చెప్పించకండి," అంది అన్నపూర్ణ. నేను చేతులు జోడించాను. అదేంటో అర్థంకాక నా వంక ఒక్క చూపు చూసి, వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"ఆయన ఇంట్లో లేరండి," అంది. నేను తలుపు చాటున ఉన్నాను. నా చెప్పులు గుమ్మం బయటే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది.

"మంచిది తల్లీ. వచ్చినంక చెప్పుండ్రి, చంద్రుని మీద దిగిన్రంట అని," అన్నాడు. సైకిలు స్టాండు తీసిన చప్పుడు వినిపించింది. ఆ రోజు ప్రపంచమంతా అదే మాట్లాడుకుంది. ఆ సంగతి గురించి మూడేళ్ళుగా చదివి చదివి సిద్ధంగా ఉన్న మనిషికి మాత్రం మాట్లాడుకోవడానికి ఎవరూ లేకపోయారు. అన్నపూర్ణ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంకోసారి ఆయన రాలేదు.

అలా ఎన్నేళ్ళు గడిచాయంటారు? దాదాపు తొమ్మిది. ఒకే కాంపౌండు గోడ లోపల! షెడ్డు వెనక తలుపు తీస్తే తుక్కు యార్డు కనిపించేది. తుప్పు పట్టిన రేకుల మధ్య రేకుల గది, దాని ముందు స్టూలు, స్టూలు మీద ఆయన. ఎప్పుడైనా ఎదురుపడితే ఆయన పక్కకు తప్పుకుని నమస్కారం పెట్టేవాడు. నేను తల ఊపేవాణ్ణి. పెద్ద మొనగాణ్ణి కదా, తల ఊపేవాణ్ణి! నా ఇంగ్లీషు పనికొచ్చింది, అసిస్టెంటు ఫోర్మన్‌నయ్యాను. రిపోర్టులు బాగా రాస్తానని పేరొచ్చింది. మెచ్చుకున్నప్పుడల్లా నాకు టీ క్యానే గుర్తొచ్చేది.

1977లో నాకు విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. రాజీనామా ఇచ్చాను. సామాను కట్టేశాం. ఆఖరి రోజు అన్నపూర్ణ ఒకటే మాట అంది. "ఆయన దగ్గరికి వెళ్ళి రండి. వెళ్ళకపోతే నేను బస్సెక్కను."

మధ్యాహ్నం వెళ్ళాను. కొత్త సైన్సు పత్రిక ఒకటి కొని పట్టుకెళ్ళాను, ఏదో ఒకటి చేతిలో ఉండాలని. నన్ను చూసి సంగప్ప స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. మెడ ఇంకా వాలింది.

"రాండ్రి సార్," అన్నాడు.

తమ్మీ అనలేదు. ఆ 'సార్' వినగానే వెనక్కి వెళ్ళిపోదామనిపించింది. గదిలోకి వెళ్ళాను. నులక మంచం, మట్టి కుండ, కిటికీ పక్కన వరసగా పుస్తకాలు. స్టోర్సువాళ్ళు పారేసిన ఫారాల వెనక వైపు కుట్టుకుని చేసుకున్నవి. పదకొండు ఉన్నాయి.

"చూడొచ్చా అన్నా?" అని అడిగి ఒకటి తీశాను. ప్రతి పేజీకీ పైన ఒక ఆదివారం తేదీ. కింద ఇంగ్లీషులో ఒక ప్రశ్న, జవాబు. మళ్ళీ ప్రశ్న, జవాబు. చీమలు, ఉల్కలు, గుండె చప్పుడు, సముద్రం ఉప్పదనం. నేను ప్రశ్న అడిగితే 'సపోజ్' అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఆ ప్రశ్నలన్నీ 'సపోజ్' అనే మొదలయ్యాయి. నా బదులు నాకంటే బాగా అడిగాడు. జవాబుల్లో తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది ఉన్నాయి. దిద్దిందీ ఆయనే. 1969 జూలై వెతికి చూశాను. చంద్రుడి మీద దిగిన ఆ ఒక్క సోమవారం సాయంత్రానికి పద్నాలుగు పేజీలు.

తెచ్చిన పత్రిక తెరిచి, కనబడిన వ్యాసం మీద ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగాను. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటి ప్రశ్న. ఏదో పక్షుల గురించి.

ఆయన నా మొహం వంక చూశాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. కాసేపు ప్రయత్నించి, సిగ్గుపడ్డట్టు నవ్వి, పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. నేనడిగిన ప్రశ్న అందులో రాశాడు, జవాబు రాశాడు. చదువుకుని, ఎర్ర పెన్నుతో ఒక మాట దిద్దాడు. నేను ఇంకోటి అడగడానికి నోరు తెరిచేలోగా, ఆ తర్వాతి ప్రశ్న కూడా ఆయనే రాసేసుకుని జవాబు మొదలుపెట్టాడు. నేను ఎదురుగా ఉన్నానన్న సంగతి ఆయన చేతికి తెలియలేదు.

నేను తట్టుకోలేకపోయాను. "అన్నా, నేను పాపిష్టివాణ్ణి. ఇప్పుడే మేనేజరు దగ్గరికి వెళ్తాను. క్లాంపు బిగించనిది నేననీ, ఆ ప్రశ్నలన్నీ నావేననీ చెప్పేస్తాను. నన్నేం చేస్తే అది చేసుకోనీ," అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

సంగప్ప పెన్ను మూత పెట్టాడు.

"ఏ ప్రశ్నలు సార్?" అన్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే అన్నాడు. "గప్పుడు నేను చెప్పింది జూటా. మనిషి ఎవ్వడు లేడు, నేనే అడుగుకుంట, నేనే చెప్పుకుంట అన్న. తొమ్మిదేండ్ల సంది గదే నిజమైంది. ఇప్పుడు మీరు పోయి ప్రశ్నలు నావి అని చెప్తే, మీ మాట జూటా అయితది."

బయట తుక్కు తీసుకెళ్ళే లారీ హారను కొట్టింది. ఆయన పుస్తకం వరసలో పెట్టి, నాకు నమస్కారం చేసి, లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.